విద్యాలయ ధ్యేయవాక్యము: శబ్దవిచారము

ప్రాచీన విద్యాలయము నూతన ధ్యేయవాక్యమును గోరునపుడు, శ్రుతిస్మృతులనుండి నాలుగు మాటలు వెదకి ముద్రికపైఁ జెక్కించుటతోఁ బని ముగిసినదని తలంచుట లోకమునఁ గలదు. ఆ మాటలను విద్యార్థి యెట్లు విడఁదీయును, ఎట్లు గ్రహించును అను విచారము మాత్రము తక్కువ.

నరసాపురమునందీ విచారము మఱింత యావశ్యకము. 1850వ దశకమున నిచ్చటి సబ్‌కలెక్టరగు టెయిలరుదొర పాఠశాలలు నెలకొల్పఁగా, పరిసరగ్రామముల రైతులు శిస్తుతోఁబాటు కొంత పన్ను తామై యొప్పుకొని గ్రామపాఠశాలలను బోషించిరి. ఆయన పేరిటి యున్నతపాఠశాల యీయూర నేఁటికిని గలదు. రైతుల ధనముచేఁ బెరిగిన చదువునకుఁ బైవ్రాసిన మాట రైతుబిడ్డకు బోధపడవలదా?

ఉదాహరణము నొకదానిఁ బరిశీలింతము. 1926వ సంవత్సరమున నేర్పడిన ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ధ్యేయవాక్యము తైత్తిరీయోపనిషత్తునందలి శాంతిమంత్రమునుండి గ్రహింపఁబడినది. ప్రథమోపాధ్యక్షులగు కట్టమంచి రామలింగారెడ్డిగారి సూచనల ననుసరించి కౌతా రామమోహనశాస్త్రిగారు ముద్రికను జిత్రించిరి. 1949లో నరసాపురమున వెలసిన యర్రమిల్లి నారాయణమూర్తి కళాశాలయుఁ జిరకాల మా పరిషత్తునకు ననుబద్ధమై యుండెను. కావున నీప్రాంతమువారి కా వాక్యము పరిచితమే.

అందు 'తేజస్వి', 'నౌ', 'అధీతమ్', 'అస్తు' అని నాలుగు పదములు. 'నౌ' యొక్క యౌకారమునకు ఆవాదేశము రాఁగా 'నావధీతమ్' అయినది. అన్నిటిని గలిపి ముద్రించినచో బాలురు 'తేజస్వినా' అని తృతీయాంతముగా విడఁదీయుదురు. అపుడు మిగిలిన 'అవధీతమ్' సాధుశబ్దము కాకపోఁగా, 'చంపెను' అను నర్థముగల 'అవధీత్' అను క్రియను స్ఫురింపఁజేయును. చదువు చావుగా మాఱుటకుఁ బదవిభాగదోష మొక్కటి చాలును!

దివ్యజ్యోతి మన చదువులను వెలిగించుఁగాక యను ప్రచారమునందలి తాత్పర్యమును విచారణీయమే. 'తేజస్వి' యనునది నపుంసక ప్రథమైకవచనము. 'అధీతమ్' అనుదానికి విధేయవిశేషణము. కర్త చదువే కాని జ్యోతి కాదు. మన యిద్దఱి చదువు తేజోవంతమగుఁగాక యని యర్థము.

'నౌ' అస్మచ్ఛబ్దపు షష్ఠీద్వివచనము. ఇద్దఱనఁగా గురుశిష్యులు. తెనుఁగున ద్వివచనము లేదు కావున 'ఇద్దఱి' యని చేర్పక తప్పదు. సంస్కృతమున లేని 'మన', 'మా' భేదము తెనుఁగునఁ గలదు. ఈ మంత్రమున రక్షకుఁడగు పరమాత్మ ప్రథమపురుషమునఁ బేర్కొనఁబడెనే కాని సంబోధింపఁబడలేదు. కావున గురుశిష్యులు పరస్పరము పలుకు మాటగా 'మన' యనుటయే యుక్తము. గురువు 'మా' యన్నచో నెదుటనున్న శిష్యుఁడు వెలి యగును.

శంకరభగవత్పాదులు తైత్తిరీయభాష్యమున నిచ్చట, చదివినది చక్కఁగాఁ జదువఁబడి యర్థజ్ఞానమునకుఁ దగినది కావలెనని తాత్పర్యము చెప్పిరి. అర్థము తెలియవలెనని కోరు వాక్యమే యర్థము తెలియక గోడపై నుండుట యెంత విపరీతము!

కావున నూతనవాక్యము నెన్నుకొను పాఠశాలలు మూలమునందలి పూర్వాపరములఁ జూచి, పదములను వీలైనంత విడిగా ముద్రించి, క్రింద సరళమైన తెనుఁగర్థమును వ్రాయుట మేలు. నిర్ణయమునకు ముందు పండితుల సమ్మతితోఁబాటు, చిన్నతరగతి బాలు నొకనిచే దానిని జదివించి యర్థ మడుగుటయుఁ గర్తవ్యము. ఎంత చెప్పినను వానికి బోధపడనిచోఁ దెనుఁగుమాటయే చాలును. పండితులు విమర్శింతురు గాక.