పంపు ఆగినా మీటరులో అంకెలు ఎందుకు ఆడతాయి?

ఫ్యాక్టరీ పైపుల మధ్య బిగించే విద్యుదయస్కాంత ఫ్లో మీటరు లోపల తిరిగే చక్రం గానీ రెక్క గానీ ఉండదు. మరి నీటి వేగం దానికెలా తెలుస్తుంది? పైపు బయట ఉన్న తీగచుట్టలు అయస్కాంత క్షేత్రాన్ని పుట్టిస్తాయి. అందులోంచి నీరు పారుతుంటే చిన్న వోల్టేజి పుడుతుంది. వేగం పెరిగితే అదీ పెరుగుతుంది. గోడలో ఎదురెదురుగా ఉన్న రెండు ఎలక్ట్రోడ్లు దాన్ని అందుకుంటాయి. నూనెలో విద్యుత్తు పారదు కాబట్టి అక్కడ ఈ మీటరు పనిచేయదు. ఈ సూత్రంతోనే 1832లో శాస్త్రవేత్త ఫారడే లండన్‌లో థేమ్స్ నది ప్రవాహం పుట్టించే వోల్టేజిని కొలవబోయాడు. కానీ నది లొంగలేదు, ఫలితం దక్కలేదు!

మీటరులో చిక్కంతా ఆ వోల్టేజి మరీ చిన్నది కావడమే. మిల్లీవోల్టుల్లో, ఒక్కోసారి ఇంకా తక్కువ. పైపు సగం ఖాళీ అయి ఎలక్ట్రోడ్లు గాలిలో ఉండిపోయినా, ఎర్తింగ్ వదులైనా అంకెలు పిచ్చిగా ఎగురుతాయి. అందుకే అనుభవమున్న మెకానిక్ వెంటనే మీటరు విప్పడు. పైపు నిండా నీళ్లున్నాయా, ఎర్తింగ్ గట్టిగా ఉందా అని చూస్తాడు. ప్లాస్టిక్ పైపైతే నీటిని తాకేలా లోహపు ఎర్తింగ్ రింగులున్నాయో లేదో కూడా.

అవన్నీ బాగున్నా అంకెలు ఆగకపోతేనే కరెంటు ఆపి, వాల్వులు మూసి, ఒత్తిడి తీసేసి మీటరును దించుతారు. ఎలక్ట్రోడ్ల మీద పేరుకున్న సున్నాన్ని, జిడ్డును మెల్లగా తుడవాలి. స్క్రూడ్రైవరుతో గీకితే విద్యుత్తును అడ్డుకునే లోపలి పొర చిరగవచ్చు. అప్పుడు వోల్టేజి లోహపు పైపులోకి జారిపోతుంది, మీటరు దాదాపు పోయినట్టే. తీగచుట్ట తెగిందేమో మల్టీమీటరు చెబుతుంది. తిరిగి బిగించాక పైపు నింపి, వాల్వు మూసి, నీరు నిశ్చలంగా ఉన్నప్పుడే మీటరు సున్నా చూపేలా సరిచేస్తారు.