చిన్న ఇంజను విప్పే ముందు

కుట్టుమిషను బరువెక్కితే నూనెచుక్క వేసి చూసుకుంటాం. సైకిలు చెయిను జారితే మనమే ఎక్కించుకుంటాం. కాని పెట్రోలు ఇంజను మొరాయిస్తే మాత్రం దాన్ని ముట్టుకోవడానికి జంకుతాం. ఈ జంకు కొంత మంచిదే. మిగతా కొంత, దాని లోపల ఏం జరుగుతున్నదో తెలియకపోవడంవల్ల వచ్చింది.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం దగ్గర తీరం దాటినప్పుడు, నగరంలో ఎన్నో ఇళ్ళకు రోజుల తరబడి కరెంటు లేదు. మేడమీది తొట్టికి నీళ్ళెక్కాలన్నా, రోగి గదిలో ఫాను తిరగాలన్నా అటువంటప్పుడు చిన్న జనరేటరే దిక్కు. ఏడాది పొడుగునా మూల పడవేసిన ఇంజను, కావలసిన ఆ ఒక్క రోజున తాడు ఎంత లాగినా అందుకోదు. తుపాను కాలానికి ముందే ఒకసారి దాన్ని విప్పి చూసుకోవడం, అటక సర్దుకోవడంకన్నా ముఖ్యం.

1876లో జర్మనీలో నికోలస్ ఆటో నడిపి చూపిన నాలుగు అంగల పద్ధతే నేటికీ చాలా చిన్న ఇంజన్లకు ఆధారం. పీల్చడం, నొక్కడం, మండడం, పొగ వదలడం - ఇవీ ఆ నాలుగు. ఇంజను రెండు చుట్లు తిరిగితే ఒక్కసారి మంట పుడుతుంది. నిమిషానికి 3000 చుట్లు తిరిగే జనరేటరులో అంటే సెకనుకు 25 సార్లన్నమాట! దీనికి కావలసినవి మూడే: పెట్రోలు కలిసిన గాలి, వేళకు నిప్పురవ్వ, సిలిండరులో బిగువు. ఈ మూడింటిలో ఏది లోపించిందో కనిపెట్టకుండా పానా పట్టుకుంటే, కొండను తవ్వి ఎలుకను పట్టినట్లవుతుంది.

ముందు ప్లగ్గు ఊడదీసి చూడండి. కొసన పొడి మసి పట్టి నల్లబడితే పెట్రోలు ఎక్కువవుతున్నదని, నూనె జిడ్డు ఉంటే అడుగు ఆయిలు పైకెక్కుతున్నదని అనుమానించాలి. దాని రెండు మొనల మధ్య ఎడం చాలా చిన్న ఇంజన్లలో 0.7 మొదలు 0.8 మిల్లీమీటరు ఉంటుంది. బిగువు లేదనిపిస్తే ప్లగ్గు రంధ్రంలో చెంచాడు ఆయిలు పోసి, ప్లగ్గు బిగించి, తాడు లాగండి. బిగువు పెరిగితే రింగులు అరిగాయన్నమాట. పెరగకపోతే వాల్వుల్లోనో, హెడ్డు ప్యాకింగులోనో లోపం వెతకాలి.

అసలు సమస్య తరచు కార్బ్యురేటరులోనే ఉంటుంది. నెలల తరబడి నిలవ ఉన్న పెట్రోలు జిగురుగా మారి, సూదిమొనంత రంధ్రమున్న జెట్టును మూసివేస్తుంది. 2025 నాటికి మన దేశంలో పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలుపుతున్నారు. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. కనుక ఇంజను దాచేముందు టాంకు, కార్బ్యురేటరు గిన్నె ఖాళీ చేయడం మంచిది.

ఇక విప్పడమే తప్పదనుకుంటే, మొదటి పని ప్లగ్గు వైరు ఊడదీసి దూరంగా పెట్టడం. చేత్తో చక్రం తిప్పినప్పుడు ఇంజను ఉన్నట్టుండి అందుకుంటే వేళ్ళు దక్కవు. రెండవ పని పెట్రోలు తీసి, మూతగల డబ్బాలో పోసి, ఆరుబయట ఉంచడం. పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువు. నేలవెంట పాకి, పక్క గదిలోని పొయ్యినైనా, దేవుడి దగ్గరి దీపాన్నైనా అందుకోగలదు. వంటింటి దరిదాపుల్లో ఈ పని పెట్టుకోరాదు.

విప్పిన ప్రతి భాగానికీ దాని చోటు గుర్తుండాలి. ఇల్లాలిని బతిమాలి పాత పోపులడబ్బా ఒకటి సంపాదించండి. ఒక్కొక్క గిన్నెలో ఒక్కొక్క భాగపు బోల్టులు వేసుకుంటే తికమక ఉండదు. ఫోనుతో ఫొటోలు తీసుకోవడం మరీ మేలు.

ఇంజను పూర్తిగా చల్లారాక హెడ్డు బోల్టులను ఒక్కొక్కటిగా ఊడబెరకక, ఎదురెదురుగా, కొద్దికొద్దిగా వదులు చేయాలి. లేకపోతే హెడ్డు వంగుతుంది. పిస్టను నెత్తిన పట్టిన మసిని వెదురుబద్దతో గీకాలి. అల్యూమినియం మెత్తన, కత్తి గాట్లు పెడుతుంది. ఫ్లైవీలును సుత్తితో కొట్టకుండా పుల్లరుతో లాగాలి. దాని ఇరుసు దగ్గర చిన్న లోహపు ముక్క, కీ, ఉంటుంది. అది తెగినా, నలిగినా నిప్పురవ్వ వేళ తప్పుతుంది. చూడడానికి బాగానే ఉన్న ఇంజను పలకకపోవడానికి ఇదొక కారణం.

రింగులు పోతయినుము; పెళుసు. ఎక్కువ సాగదీస్తే విరుగుతాయి. పై రింగు పైనే, కింది రింగు కిందనే ఉండాలి. వాటి సందులు ఒకే వరుసలోకి రాకూడదు. వాల్వులను వాటి వాటి స్థానాల్లోనే తిరిగి పెట్టాలి. లోపలి రెండు పళ్ళచక్రాల మీదా గుర్తులుంటాయి. బిగించేటప్పుడు ఆ గుర్తులు ఎదురెదురుగా నిలవాలి. ఒక్క పన్ను తప్పినా వాల్వులు వేళకాని వేళ తెరుచుకుంటాయి.

పాత ప్యాకింగు మళ్ళీ వాడడం పొదుపు కాదు, దండుగ. హెడ్డు బిగింపు కూడా ఎదురెదురు వరుసలోనే, కంపెనీ పుస్తకంలో చెప్పిన బిగువుకే, టార్కు పానాతో చేయాలి. ఆ పానా, పుల్లరు లేనివారు ప్లగ్గు, గాలి ఫిల్టరు, కార్బ్యురేటరు, ఆయిలు - ఈ నాలుగింటితో ఆగి, మిగతాది మెకానిక్కుకు వదలడమే వివేకం. అప్పుడైనా ఈ సంగతులు తెలిసినవారు అతన్ని సరిగా ప్రశ్నించగలరు. అనవసరమైన ఖర్చు తప్పించుకోగలరు.

అంతా బిగించాక కొత్త ఆయిలు పోసి, ప్లగ్గు వైరు తగిలించకముందే చక్రాన్ని చేత్తో మెల్లగా నాలుగు చుట్లు తిప్పండి. ఎక్కడైనా తట్టుకుంటే బలవంతం చేయక, మళ్ళీ విప్పండి. పాత ఆయిలు కాలువలో పోయకండి.

చివరి మాట, అన్నిటికన్నా ముఖ్యమైనది. ఇంజను ఎంత చక్కగా పలికినా ఇంట్లోగాని, వరండాలోగాని, కిటికీ పక్కనగాని నడపకండి. దాని పొగలోని కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు. తలుపులు బిగించుకున్న తుపాను రాత్రి, నిద్రలో ఉన్నవారిని అది లేవనివ్వదు. వాన తగలని చోటు చూడండి. కాని అది ఇంటికి దూరంగా, గాలి ఆడే చోటై ఉండాలి.