వనములో విడిది

ఉత్తర అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున, సియెర్రా నెవాడా పర్వతముల నడుమ యోసెమిటీ యను లోయ కలదు. దాని ప్రక్కన ఎల్ కాపిటాన్ అను మహాశిల సుమారు 3,000 అడుగుల ఎత్తున గోడవలె నిలిచియున్నది. వసంతకాలమున 2,425 అడుగుల జలపాతము మూడంచెలుగా దుముకుచుండును. 1864వ సంవత్సరమున అధ్యక్షుడు అబ్రహాం లింకన్ ఈ లోయను ప్రజల విహారార్థము రక్షింపవలెనను చట్టముపై సంతకము చేసెను. 1890లో పరిసరారణ్యము జాతీయవనమాయెను.

అచ్చటి పైన్ వృక్షముల క్రింద గుడారము వేసికొని, నక్షత్రములను చూచుచు నిద్రించుట యాత్రికులకు గొప్ప వేడుక. కాని 2016లో ఆ వనమునకు వచ్చినవారు 50 లక్షలను మించిరి. లోయలో గుడారములకు ఏర్పరచిన స్థలములో కొన్ని వందలు మాత్రమే!

‘అడవి విశాలము గదా! ఎచ్చటనైనను దిగరాదా?’ అని మీరడుగవచ్చును. అందరును తోచినచోట దిగినచో పచ్చిక నశించును; ఏటినీరు చెడును; ఒక్క నిప్పురవ్వ అడవినెల్ల దహింపగలదు. అందుచే స్థలములకు సంఖ్యలు వేసి, బల్ల, పొయ్యి, ఇనుప పెట్టె అమర్చిరి. ఆహారమును ఆ పెట్టెలోనే దాచవలెను. ఎలుగుబంటి మనుష్యుల తిండికి రుచి మరిగినచో మరల మరల విడుదులపై బడును; తుదకు దానిని చంపవలసి రావచ్చును. మన అజాగ్రత్తకు ఆ మూగజీవి ప్రాణమే మూల్యమగును.

స్థలము దొరకు మార్గమేది? లోయలోని పెక్కు స్థలములకు ఐదు నెలలు ముందుగా, నెలలో 15వ తేదీ ఉదయము 7 గంటలకు అంతర్జాలమున నమోదు ఆరంభమగును. వేసవి దినముల స్థలములు నిమిషములలో తీరిపోవును. దొరకనివారు నిరాశపడనక్కరలేదు. ప్రయాణము మానుకొన్నవారు విడిచిన స్థలములు మరల లభించుచుండును. వానికై దినదినము చూచుచుండవలెను. వారాంతమును విడిచి నడివారమున, వేసవిని విడిచి శరత్తున ఏగువారికి అవకాశము హెచ్చు. చుట్టునున్న జాతీయారణ్యములలో కొన్నిచోట్ల ముందు వచ్చినవారికే స్థలము. అచ్చటికి ప్రొద్దుననే చేరుట మేలు.

వేసవిలో ఎవరును లోయయందు ఏడు రాత్రులకు మించి ఉండరాదు. మన తీర్థములలోని పెక్కు సత్రములందును ఇట్టి నియమమే కలదుగదా! స్థలము నమోదు చేసికొని, రాలేనప్పుడు రద్దుచేయనివాడు వేరొక కుటుంబపు రాత్రిని అపహరించినవాడగును. వనము అందరిది, అందుచేతనే దానిని ఎవ్వరును తమకొక్కరికే చెందినట్లు వాడుకొనరాదు.