ఇంటి ముందరి కాంక్రీటు మెట్లు: పైపూతతో తీరని చేటు

మా యింటి ముందరి మెట్లలో రెండవదాని అంచు మొదట వెండ్రుకవాసి పగిలినది. సిమెంటు పూయించితిమి. మరుసటి వానలకు ఆ పూత పెచ్చుగా లేచినది, మరల పూయించితిమి. మూడవయేట ధాన్యపు బస్తా నెత్తికెత్తుకొని యెక్కుచున్న కూలివాని కాలిక్రింద ఆ పెచ్చు ఊడెను. అతడు క్రిందపడగా మణికట్టు విరిగెను. రెండుమార్లు మేము వెచ్చించిన పైకము వానపాలైనది; నెలన్నర కూలి అతనికి పోయినది. వ్యాధి నెరుగక మందు పూసిన తప్పు మాదే. అట్టి నష్టము మన సభ్యులకు కలుగకుండుటకై, తెలిసికొన్న సంగతులను ఇందు వ్రాయుచున్నాము.

చెడుటకు కారణములు

మంచి కాంక్రీటు క్షారగుణము కలది. ఆ గుణమే లోని ఇనుప ఊచలను త్రుప్పునుండి కాపాడును. నీళ్లు హెచ్చుగా కలిపి, సరిగా కూరక, పోసినపిదప తడుపక విడిచిన కాంక్రీటులో సన్నని రంధ్రములు నిలిచిపోవును. వానిగుండ గాలియు తేమయు లోనికి జొచ్చి, కాలక్రమమున ఆ గుణమును తగ్గించి, ఊచలకు త్రుప్పు పట్టించును. త్రుప్పునకు ఇనుముకంటె ఎక్కువ చోటు కావలెను గనుక అది కాంక్రీటును లోపలినుండి బ్రద్దలుచేయును. సముద్రతీర గ్రామములందు ఉప్పుగాలి యీ చేటును త్వరపెట్టును.

రైతుల యిండ్లలో మరియొక హేతువు కలదు. ఎరువుల బస్తాలను మెట్లపై దించుచుందుము. ఒలికిన అమ్మోనియం సల్ఫేటు తడితోకూడి కాంక్రీటునే తినివేయును. మ్యూరియేట్ ఆఫ్ పొటాష్‌లోని క్లోరైడు ఊచలను తినును. ఇక నల్లరేగడి భూములందు నేలయే వానకుబ్బి, ఎండకు కుదించుకొని, మెట్లను ఇంటిగోడనుండి విడదీయును.

పరీక్షించు విధము

చిన్న సుత్తితో మెట్టునంతటను తట్టిచూడవలెను. బోలుశబ్దము వచ్చినచోట పైపొర విడిపోయినదని తెలియవలెను. పగులువెంట ఎఱ్ఱని మరక యున్నచో ఊచ త్రుప్పుపట్టినదనుకొనవలెను. పగులు కొనలవద్ద గీతగీసి తేది వ్రాసి, ఒక వేసవియు ఒక వానకాలమును గమనించినయెడల అది పెరుగుచున్నదో నిలిచినదో తెలియును. పెరుగుచున్న పగులునకు పూత నిలువదు.

బాగుచేయు విధము

మొదట నీటిదారి మరల్చవలెను. చూరునీరు మెట్లపై పడకుండ చేయవలెను. మెట్టు ముందువైపునకు కొంచెము వాటముండవలెను.

పిమ్మట బోలుభాగమునంతయు ఉలితో గట్టిపొర తగులువరకు తీయవలెను. అంచులు పలుచగా ఏటవాలుగా విడువక నిలువుగా కోయవలెను. పలుచని అంచే మొదట లేచును. ఊచ బయటపడినచో దాని వెనుకవైపున గూడ ఒక అంగుళము మేర తవ్వి, ఇనుపతీగల కుంచెతో త్రుప్పును రాల్చి, త్రుప్పునాపు రంగు పూయవలెను. ఊచ నాలుగవవంతునకు మించి అరిగినచో ప్రక్కన క్రొత్త ఊచ కట్టవలెను.

దుమ్ము కడిగి, పాతభాగమును బాగుగ తడిపి, నిలిచిన నీటిని తుడిచి, చిక్కని సిమెంటుపాలు పూసి, అది యారకమునుపే 1 పాలు సిమెంటునకు 3 పాళ్లు ఉప్పులేని శుభ్రమైన ఇసుక కలిపిన గట్టి అడుసును కూరవలెను. పనికి సులువని నీళ్లు ఎక్కువ పోయనీయరాదు. పని ముగిసిన తరువాత గోనెపట్టాలు కప్పి, మామూలు సిమెంటైనచో 7 దినములు, బూడిద కలిసిన సిమెంటైనచో 10 దినములు ఎడతెగక తడుపవలెను. ఈ తడుపుటలోనే మనవారు ఎక్కువగా అశ్రద్ధచేయుదురు.

మెట్లన్నిటి ఎత్తు సమముగా నుండవలెను. ఒకటి అంగుళము హెచ్చినను, చీకటిలో ముసలివారి కాలు తప్పును.

తిరిగి కట్టవలసినప్పుడు

మెట్లు ఒరిగినను, క్రుంగినను, పెక్కు ఊచలు తినబడినను మరమ్మతు వ్యర్థము. వానిని తీసి, పునాది గట్టిచేసి తిరిగి కట్టుటయే మేలు. నల్లరేగడిలో ఇంటిగోడకును మెట్లకును నడుమ సన్నని సందు విడిచి, సాగు గుణముగల పూరకముతో నింపవలెను.

నిలువయున్న సిమెంటు తేమకు బలము కోల్పోవును. కావున ఒక వీధివారు నలుగురు కలిసి, కావలసినంత తాజా సిమెంటు తెప్పించుకొని ఒకే మేస్త్రిచే పని చేయించుకొన్నచో అందరికిని లాభము. ఈ వేసవిలోనే ప్రతి సభ్యుడును సుత్తి చేతబట్టి తన వాకిటి మెట్లను ఒకమారు తట్టిచూడవలెనని కోరుచున్నాము.