పిన్ కోడ్ సరైనదే, తప్పు నిబంధనది!

కోల్‌కతాలో హుగ్లీ నది ఒడ్డున ఉన్న మెటియాబ్రుజ్ రెడీమేడ్ దుస్తుల తయారీకి పేరొందిన ప్రాంతం. అవధ్ చివరి నవాబు వాజిద్ అలీ షా 1856లో రాజ్యం కోల్పోయాక స్థిరపడింది ఇక్కడే. ఇక్కడి చిన్న వర్తకుడొకరు పండగ సరుకు కోసం ఆన్‌లైన్‌లో బట్ట కొంటున్నారనుకుందాం. చిరునామాలో పిన్ కోడ్ 700024 అని కొట్టగానే ‘ఈ విలువ 6 కంటే ఎక్కువ ఉండకూడదు’ అని ఎర్ర అక్షరాలు వచ్చాయి. అంకెలు ఆరే ఉన్నాయి. మరి తప్పెక్కడ?

మనం నింపిన సమాచారాన్ని భద్రపరిచే ముందు కంప్యూటర్ సరిచూస్తుంది. దీన్నే డేటా వాలిడేషన్ అంటారు. వెబ్‌సైట్ల తయారీకి వాడే లారావెల్ వంటి ఫ్రేమ్‌వర్క్‌లలో ఇందుకు సిద్ధంగా ఉన్న నిబంధనలుంటాయి. వాటిలో ‘మ్యాక్స్ 6’ ఒకటి. అక్షరాల వరుసకు దీన్ని పెడితే ‘ఆరు అక్షరాలు మించకూడదు’ అని అర్థం. అదే గడికి ‘పూర్ణాంకం’ అనే నిబంధన కూడా తోడైతే అర్థం మారిపోతుంది. అప్పుడు పొడవును కాదు, విలువను కొలుస్తుంది. ఏడు లక్షల ఇరవై నాలుగు ఆరుకంటే పెద్దది కాబట్టి తిరస్కరిస్తుంది. విచిత్రమేమంటే, ఒక్క 5 అని కొడితే అంగీకరిస్తుంది!

ఇలాంటి లోపాన్ని ఎలా పట్టుకోవాలి? ముందుగా సర్వర్‌కు నిజంగా ఏ విలువ చేరిందో చూడాలి. చాలామంది పిన్‌ను ‘700 024’ అని మధ్యలో ఖాళీ వదిలి రాస్తారు. అప్పుడది ఏడు అక్షరాలవుతుంది. తర్వాత నిబంధనలన్నీ తీసేసి, ఒక్కొక్కటే తిరిగి చేర్చాలి. ఏది చేర్చినప్పుడు ఆగిందో లోపం అక్కడే. ఐదు, ఆరు, ఏడు అంకెల సంఖ్యలు మూడింటినీ ఇచ్చి పరీక్షించాలి.

మందు తేలికే. పిన్ కోడ్ లెక్కలు వేసే సంఖ్య కాదు, అంకెలతో రాసిన గుర్తు. అందుకే మధ్యలోని ఖాళీని తొలగించి, ‘సరిగ్గా ఆరు అంకెలు’ అని చెప్పే ‘డిజిట్స్ 6’ నిబంధన వాడాలి. మన పిన్ కోడ్‌లేవీ సున్నాతో మొదలుకావు కనుక, మొదటి అంకె 1 నుంచి 9 లోపు ఉండాలనీ చేర్చవచ్చు. బ్రౌజర్‌లో చేసే తనిఖీని దాటవేయడం సులభం. కాబట్టి సర్వర్‌లో తనిఖీ తప్పనిసరి.

అయితే నిబంధన రూపాన్నే చూస్తుంది, నిజాన్ని కాదు. ఆరు అంకెలున్నంత మాత్రాన ఆ పిన్‌తో ఊరు ఉన్నట్టు కాదు. అందుకు తపాలా శాఖ జాబితాతో పోల్చాల్సిందే. ‘పిన్ కోడ్‌లో ఆరు అంకెలుండాలి’ అని తేటగా చెప్పే సందేశం కూడా అవసరమే. లేకపోతే ఆ వర్తకుడు తప్పు తనదే అనుకుని వెనుదిరుగుతారు.