అప్పు పద్దుకెక్కని బాధ

అప్పుల బాధకు తాళలేక రైతు ప్రాణం తీసుకుంటే ఆ ఇంటికి ముందుగా వచ్చేవి కాగితాలు. పంచనామా, పట్టా నకలు, ప్రాంసరీ నోట్లు. 2004 జూన్ నాటి 421 జీవో లక్షన్నర ఇమ్మంది. 2015లో తెలంగాణ ప్రభుత్వం దాన్ని 6 లక్షలు చేసింది. అయితే అధికారుల కమిటీ వచ్చి ఇది రైతు ఆత్మహత్యేనని తేల్చాలి. కౌలు రైతుకు పట్టా ఉండదు గనుక చిక్కంతా అక్కడే. 2018లో వచ్చిన రైతు బీమా కూడా పట్టాదారుకే వర్తించింది.

ఇవన్నీ మన కార్యకర్తలకు తెలిసిన సంగతులే. ఏ కమిటీ విచారించని సంగతి మరొకటుంది: ఆ ఇంట మిగిలిన పిల్లల మనసు.

ఉమ్మడి వరంగల్ జిల్లా పత్తి పల్లెలకు ఈ దుఃఖం 1997-98లో పురుగు చేలను తినేసిన నాటి నుంచీ తెలుసు. అక్కడి ఒక కౌలు రైతు కొడుకును మేము కలిశాము. పేరు, ఊరు రాయడం లేదు. తండ్రి పోయేనాటికి పదిహేనేళ్లు. నెల తిరక్కుండా బడి మానేశాడు. రాత్రిళ్లు నిద్ర లేదు. తండ్రి దున్నిన చేను వైపు కన్నెత్తి చూడడు. చెల్లెల్ని కొట్టాడు. కల్లు దుకాణం దగ్గర కనిపించసాగాడు. ‘‘పోరడు చెడిపోయిండు’’ అని ఊరు తీర్పు చెప్పేసింది. పొద్దు పొడవకముందే కూలికి పోయి పొద్దుగూకాక వచ్చే తల్లికి, వాణ్ని కూచోబెట్టుకుని మాట్లాడే తీరికేది?

పిల్లవాడి లోపల ఒక మాట ముల్లులా దిగబడి ఉంది. పరిహారం కాగితాల కోసం వచ్చిన వ్యవసాయ కార్మిక సంఘం కార్యకర్త, దరఖాస్తు పెట్టించాక కూడా ఆ ఇంటికి రావడం మానలేదు. ఒకనాడు ఆయన దగ్గర ఆ మాట బయటపడింది: ‘‘నేను ఫీజు పైసలు అడక్కపోతే నాయిన బతికేటోడన్నా.’’ తండ్రితో ఆఖరి పోట్లాట నాలుగు వేల రూపాయల గురించి.

కార్యకర్త ఉపన్యాసం చెప్పలేదు. నోట్లన్నీ ముందు పెట్టి ‘‘నువ్వే లెక్క గట్టు’’ అన్నాడు. నాలుగెకరాల కౌలు, ఎకరాకు 12 వేల చొప్పున 48 వేలు. షావుకారు దగ్గర రెండు లక్షలు, నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీ, ఏడాదికి 72 వేలు. రెండూ కలిపి లక్షా 20 వేలు. విత్తనం, ఎరువు, కూలి ఇంకా లెక్కలోకే రాలేదు. పట్టా లేదు గనుక బ్యాంకు గడప తొక్కనివ్వలేదు. ఈ పద్దు పక్కన ఫీజు ఎంత? పిల్లవాడు చాలాసేపు ఆ కాగితం వంక చూశాడు. తండ్రి పోయాక మొదటిసారి ఏడ్చాడు.

దాంతో అంతా చక్కబడిందంటే అబద్ధం. సంవత్సరీకం దగ్గర పడేసరికి మళ్లీ ముడుచుకుపోయాడు. ‘‘నాయిన దగ్గరికే పోవాలనిపిస్తంది’’ అన్నాడు. ఆ మాటను ఎవరూ కొట్టిపారెయ్యలేదు, తిట్టలేదు. ఆ రాత్రంతా మేనమామ పక్కనే ఉన్నాడు. తెల్లారి జిల్లా ఆసుపత్రిలో మానసిక వైద్యుడికి చూపించారు. ‘‘పిచ్చి డాక్టరు కాడికా?’’ అని తల్లి జంకింది. జ్వరానికి మందున్నట్టే దిగులుకూ వైద్యం ఉందని నచ్చజెప్పారు. నెలనెలా పోయి వచ్చారు. మెల్లగా నిద్ర పట్టింది. మేష్టారు తిరిగి బడిలో కూచోబెట్టారు. ఒక ఏడు ఆలస్యంగానైనా పదో తరగతి గట్టెక్కాడు. ఇప్పుడు ఆదివారాలు కౌలు రైతులకు దరఖాస్తులు రాసిపెడుతున్నాడు. ఆ చేను వైపు మాత్రం ఇంకా పోలేడు. అందుకు తొందర పెట్టనక్కర లేదు.

కార్యకర్తలకు మా మనవి. పరిహారం కాగితాలతో పాటు పిల్లల్నీ పలకరించండి. తప్పు వాళ్లది కాదని చెప్పండి. ఒక్కసారి చెబితే చాలదు, పోతూ వస్తూ ఉండండి. చచ్చిపోతానన్న మాట వింటే ఒంటరిగా వదలకండి. 2022లో మొదలైన టెలి మానస్ 14416 నంబరుకు పైసా ఖర్చు లేకుండా రాత్రీ పగలూ ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు. పిల్లల సహాయానికి 1098 ఉంది.

ఇక అసలు ముల్లు సంగతి. 2011 నాటి కౌలు రైతుల చట్టం రుణ అర్హత కార్డు ఇస్తానంది. ఆ కార్డు కోసం, బ్యాంకు అప్పు కోసం, న్యాయమైన కౌలు కోసం చేసే పోరాటం పంట కోసమే కాదు, ఈ పిల్లల కోసం కూడా.