ఐస్‌బాక్స్ ఎక్కడ పెట్టాలి?

రెండేళ్ల కిందట మా బావమరిదితో కలిసి అమెరికాలో రూట్ 66 మీద మోటార్‌సైకిల్ యాత్ర చేశాను. షికాగో నుంచి పసిఫిక్ ఒడ్డున శాంటా మోనికా దాకా, దాదాపు 3,900 కిలోమీటర్లు. 1926లో 66 నంబరు ఇచ్చి, 1985లో జాతీయ రహదారుల జాబితాలోంచి తీసేసిన రోడ్డు అది. ఇప్పుడు ముక్కలుగా మిగిలింది, మధ్యమధ్యలో పెద్ద హైవే ఎక్కక తప్పదు. బండి అతనిదే, ఆరు సిలిండర్ల హోండా గోల్డ్‌వింగ్. దాని వెనక రెండు చక్రాల చిన్న ట్రైలర్. తిరిగొచ్చాక అందరూ ఎడారి గురించీ కొండల గురించీ అడిగారు. అవి బాగానే ఉన్నాయి. నాకు మాత్రం ఆ ట్రైలరే ఎక్కువ గుర్తుండిపోయింది.

బయల్దేరే ముందురోజు బావమరిది బాత్రూంలోంచి బరువు చూసుకునే మిషన్ తెచ్చి, ట్రైలర్ ముక్కు కింద, అంటే బండికి తగిలించే కొస కింద పెట్టాడు. సామానుతో కలిపి ట్రైలర్ 120 కిలోలు. మిషన్ 12 చూపించింది. "పదో వంతు. సరిపోయింది బావా" అన్నాడు. ముప్పై ఏళ్లు ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్పినవాణ్ణి, ఆ పదో వంతు ఎందుకో అడగాలని కూడా నాకు తట్టలేదు.

ఒక్లహోమాలో ఎండ మాడ్చేస్తుంటే ఒక ఐస్‌బాక్స్ కొన్నాం. మంచూ నీళ్ల సీసాలూ నింపితే 20 కిలోలు తూగింది. చేతికి సులువుగా అందుతుందని ట్రైలర్ వెనక భాగంలో పెట్టించింది నేనే. మర్నాడు టెక్సాస్‌లో, అమరిల్లో దాటాక, గంటకు వంద కిలోమీటర్ల వేగంలో ఉండగా పెద్ద లారీ ఒకటి మమ్మల్ని దాటుకుపోయింది. దాని గాలి తగిలిందో లేదో, నా సీటును ఎవరో వెనక నుంచి పట్టుకుని అటూ ఇటూ గుంజడం మొదలైంది. తిరిగి చూస్తే ట్రైలర్ తోక ఊపుతోంది. ఊపు ఊపుకీ పెరుగుతోంది. "బ్రేకెయ్యరా!" అని అరిచాను.

అతను వెయ్యలేదు, అదే మమ్మల్ని కాపాడింది. ఆ ట్రైలర్‌కి బ్రేకుల్లేవు. ముందు బండి ఆగుతుంటే అది వెనక నుంచి తోస్తుంది. తిన్నగా ఉన్నదాన్ని తోస్తే తిన్నగా పోతుంది, వంకరగా ఉన్నదాన్ని తోస్తే వంకర ఇంకా పెరుగుతుంది. అతను యాక్సిలరేటర్ మాత్రం వదిలేసి, హ్యాండిల్ తిన్నగా పట్టుకుని కూర్చున్నాడు. వేగం ఎనభైకి దిగేసరికి ఊపు దానంతటదే సద్దుమణిగింది.

వేగం తగ్గితే ఎందుకు ఆగింది? ఊగుతున్న ట్రైలర్ చక్రం ముందుకు దొర్లుతూనే పక్కకీ జరుగుతుంటుంది. దాంతో టైరు తాను చూస్తున్న దిక్కుకీ, నిజంగా పోతున్న దిక్కుకీ మధ్య చిన్న కోణం వస్తుంది. ఆ కోణాన్ని బట్టే రబ్బరు రోడ్డును పట్టి ఊపుకి అడ్డుపడుతుంది. పక్కకి జరిగే వేగం సెకనుకు అర మీటరు అనుకోండి. గంటకు 50 కిలోమీటర్ల వేగంలో, అంటే సెకనుకు సుమారు 14 మీటర్లకి, ఆ కోణం రెండు డిగ్రీలు. వంద కిలోమీటర్ల వేగంలో ఒక్క డిగ్రీ. ఊపు అదే, దానికి పడే కళ్లెం మాత్రం సగం. ఇలా వేగం పెరిగేకొద్దీ కళ్లెం సడలి, ఒక హద్దు దాటాక ఊపు తగ్గడం మానేసి పెరగడం మొదలెడుతుంది. దానికి కావలసిన శక్తి ముందుకు పోతున్న బండి నుంచే అందుతుంది.

ఆ హద్దు ఎక్కడుండాలో నిర్ణయించింది నా ఐస్‌బాక్స్. ఇరుసుకి వెనక బరువుంటే, ట్రైలర్ తోక ఒక పక్కకి విసిరినప్పుడల్లా ముక్కు రెండో పక్కకి తిరగబడి మోటార్‌సైకిల్ వెనక చక్రాన్ని నెడుతుంది. బండి కాస్త పక్కకి తిరుగుతుంది, ఆ తిరుగుడు మళ్లీ ట్రైలర్‌కి చేరుతుంది. ఇద్దరూ కలిసి ఒకరి ఊపు ఒకరు పెంచుకుంటారు.

ఏడ్రియన్ అనే చిన్న ఊళ్లో ఆగాం. అటు షికాగో 1,139 మైళ్లు, ఇటు లాస్ ఏంజెలెస్ 1,139 మైళ్లు అని అక్కడ బోర్డుంటుంది. అందరూ దాని ముందు ఫొటోలు దిగుతుంటే మేం ట్రైలర్ మూత తెరిచి లెక్క వేసుకున్నాం. ముక్కు నుంచి ఇరుసు దాకా 150 సెంటీమీటర్లు. ఇరుసుకి 40 సెంటీమీటర్లు వెనక 20 కిలోలు పెడితే ముక్కు మీద 5 కిలోలకి పైగా తగ్గుతుంది. 140 కిలోల ట్రైలర్‌కి ముక్కు మీద ఏడే! అంటే ఇరవయ్యో వంతు. అదే పెట్టెను ఇరుసుకి 40 సెంటీమీటర్లు ముందుకి జరిపితే 17. జరిపాం. మళ్లీ వందలో పోయినా తోక ఆడలేదు.

అప్పుడు గుర్తొచ్చాడు మా నాన్న. ధాన్యం బస్తాలు ఎడ్లబండికెక్కించాక కాడి చేత్తో ఎత్తి చూసేవాడు. బరువు వెనక్కి మొగ్గితే కాడి పైకి లేచి ఎడ్ల మెడ కింద తాడు బిగుస్తుంది, ముందుకి మరీ మొగ్గితే మెడ మీద పడుతుంది. ఆయన చెయ్యి చేసిన పనే బాత్రూం మిషన్ చేసింది. ముందు ఎక్కువైనా చిక్కే సుమా: మోటార్‌సైకిల్‌కి కొక్కెం వెనక చక్రానికి కూడా వెనక ఉంటుంది, అక్కడ బరువు మోపితే ముందు చక్రం తేలికై హ్యాండిల్ పట్టు తప్పుతుంది. చెరకు తొట్టి లాగుతూ ముందు చక్రాలెత్తే ట్రాక్టర్లు మనకు కొత్తేం కాదు.

ఇంకో సంగతి. మోటార్‌సైకిల్ మలుపులో ఒరుగుతుంది, ట్రైలర్ ఒరగదు. అందుకని మధ్యలో గుండ్రంగా తిరిగే కీలు ఉండి తీరాలి. ఆ కీలు పుణ్యమా అని వెనక ట్రైలర్ ఉందన్న సంగతే మరిచిపోతాం. అరిజోనాలో ఓట్‌మన్ వెళ్లే ఘాట్ రోడ్డు మాకు గుర్తుచేసింది. ఆరు మీటర్ల వ్యాసార్ధం ఉన్న మలుపులో ట్రైలర్ ఇరుసు 19 సెంటీమీటర్లు లోపలికి కోస్తుంది, చక్రాల మధ్య దూరంలో సగం కలిపితే లోపలి చక్రం బండి దారికి 70 సెంటీమీటర్లు లోపల నడుస్తుంది. గుంతలూ అంతే. ముందు చక్రం తప్పించిన గుంతను వెనక రెండిట్లో ఒకటి వెతుక్కుని మరీ పడుతుంది.

పెట్రోలు కోసం ఆగిన ప్రతిచోటా బావమరిది ట్రైలర్ చక్రాల నడిమధ్యన చేతి వెనక భాగం ఆనించి చూసేవాడు. చిన్న చక్రాలు కదా, వంద వేగంలో నిమిషానికి దాదాపు 1,300 సార్లు తిరుగుతాయి. బేరింగులో గ్రీజు తగ్గితే ముందుగా తెలిసేది ఆ వేడిలోనే.

ఆ బరువు మిషన్ ఇప్పటికీ ట్రైలర్‌లోనే ఉందట. చెల్లెమ్మ బాత్రూంకి ఇంకోటి కొనుక్కుంది.